రెండు తోకల పహిల్వాను

1940 మార్చి 12, మంగళవారం

పైగా నా మల్లెపాదుల్లోనే నిలబడాలా ఆ మనిషి? కాలువకు రెండు గట్లున్నాయి. అవతలి గట్టున మొహియుద్దీన్ తాలీంఖానా. అక్కడ తొక్కితే నలిగేది కుస్తీ మట్టి. దాన్ని ఎటూ రోజూ తొక్కుతూనే ఉంటారు. అయినా సరే, చదువుకున్నవాళ్ల బూట్లకు పూలచెట్లే కనిపిస్తాయి. రెండు పాదులు చితికిపోయాయి. ఆయన మాత్రం నీళ్లలోకి వంగి, రాయి తిరగేసి, "అబ్బ! అబ్బ!" అంటున్నాడు. బంగారమేదో బయటపడిందనుకున్నాను. తీరా చూస్తే పురుగు.

పురుగుల్ని చూడటానికి జీతమిచ్చే నౌకరీలుంటాయని తెలిస్తే మా ఊరి బడిలో ఇంకొంచెం మనసు పెట్టేవాణ్ణి. పంతులు ఇసుకలో అక్షరాలు దిద్దించే రోజుల్లో నేను చూసినవన్నీ పురుగులే.

ఈయన పేరు ఇశ్రాయేలు. మెదక్ వైపు మనిషి, పురుగుల డాక్టరు. బస్తీల్లో తెరిచి ఉన్న కాలువలన్నిటినీ మట్టితో పూడ్చి పైన బండలు పరవాలని హుకుం వచ్చిందట. దోమలు, జ్వరాలు. ఏది పూడ్చాలో ఏది వదలాలో ఈయన చూసి రాయాలి. మాది గుట్ట బండ కింద పుట్టిన ఊట. నా తోట పక్కనుంచి, తాలీంఖానా పక్కనుంచి పారి, ఛత్రినాక ఆడవాళ్లు నీళ్లు ముంచుకునే హౌజులో పడుతుంది. దీన్ని పూడిస్తే మల్లెలు వారం బతుకుతాయేమో. తర్వాత నేనూ నా భార్య నీలమ్మా ఊరికి పోయి తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చోవాలి. పోతే పోదాం. తమ్ముడి అరుగు చాలా వెడల్పు.

"బాపూ, ఇటు రా. తోకలు లెక్కపెట్టు" అన్నాడు డాక్టరు. తెల్ల పళ్లెంలో నీళ్లు, నీళ్లలో గోరంత పురుగు. చదునుగా, పసుపు ఒంటి మీద గోధుమరంగు మచ్చలతో, చెప్పొద్దూ, కొంచెం ముద్దుగానే ఉంది.

"రెండున్నయి."

"ఆఁ, రెండే. మూడు తోకలది ఇంకోటి ఉంటది, గది వేరే జాతి. దాని పొట్టకు రెండు దిక్కుల సన్న ఆకులసొంటియి ఊగుతుంటయి. దీనికి గవి లెవ్వు. దీనికి చంకల కింద దూది పింజలున్నట్టు ఉంటది, కనవడుతుందా? గా పింజలకెల్లే ఊపిరి తీస్కుంటది."

"చెవుల అత్తరు దూది పెట్టుకునేటోళ్లను చూసిన గని సార్, చంకల పెట్టుకునేటోళ్లను ఇప్పుడే చూస్తున్న" అన్నాను. డాక్టరు నవ్వాడు. నవ్వే ఆఫీసరును చూసి చాలా రోజులైంది. మల్లెపాదుల సంగతి అక్కడికి మాఫీ చేశాను.

ఈ పురుగు నిలవ నీళ్లలో బతకదట. దోమ పిల్ల ఉన్నచోట ఇది ఉండదు, ఇది ఉన్నచోట దోమ పిల్లకు పని లేదు. చల్లగా ఉండాలి, పారుతూ ఉండాలి, రాళ్ల మధ్య పడుతూ లేస్తూ గాలి కలుపుకున్న నీళ్లయి ఉండాలి.

"వచ్చే మంగళవారం సీసలు తెస్త. సాక్ష్యానికి పంచుల ముందర వీటిని పట్టి, సీలు ఏసి పంపుత. రాళ్ల కింద గివి దొరికినయంటె, గిది మంచి నీళ్లు, పూడ్చే పని లేదని రాస్త" అన్నాడు.

ఈలోగా పళ్లెంలోని పురుగు కాళ్లు బిగించి ఒళ్లు పైకీ కిందికీ ఊపడం మొదలుపెట్టింది. మొహియుద్దీన్ అవతలి గట్టు నుంచి దూకి వచ్చాడు. అరవై ఏళ్ల పహిల్వాను. ఆయన దూకితే కాలువ వెడల్పవుతుంది.

"అరె వాహ్! దండీలు తీస్తుంది భాయ్! నా తాలీంల సగం మంది గింత సాఫ్‌గ తియ్యరు!"

"నీళ్లు కదుల్తలెవ్వు గద ఉస్తాద్. దానికి గాలి అందుతలేదు. ఒళ్లు ఊపి నీళ్లను కదిలిచ్చుకుంటుంది" అని డాక్టరు దాన్ని మళ్లీ కాలువలో వదిలేశాడు.

సాయంత్రం నీలమ్మ అడిగింది, ఏమన్నాడని. వచ్చే మంగళవారం రాళ్లు చూడటానికి వస్తాడట అన్నాను. పురుగుల మాట చెప్పలేదు. చీమ తేలిందని కుండెడు నీళ్లు ఒంపేసి, కుండను మూడుసార్లు కడిగిన మనిషి. బట్ట రెండు మడతలు వేసి వడకట్టిన నీళ్లనే మళ్లీ ఒకసారి అనుమానంగా చూస్తుంది. మనం తాగే నీళ్లలో పహిల్వానులున్నారని ఆమెకు చెప్పడం నా వల్ల కాదు.

బట్టల సేఠ్ ఊరికే ఇచ్చిన డైరీ ఇన్నాళ్లకు పనికొచ్చింది. ఇంట్లో గొణిగితే నీలమ్మ వింటుంది. ఇందులో గొణిగితే ఎవరూ వినరు.

మార్చి 17, ఆదివారం

నీలమ్మ సున్నం తెమ్మంది. తెచ్చిచ్చాను. ఇంటి గోడకనుకున్నాను.

మార్చి 18, సోమవారం

పూల గంప ఎత్తుకుని చార్మినార్‌కు వెళ్లేటప్పుడు చూస్తే, మొహియుద్దీన్ భార్య షౌకత్ బీ, మా నీలమ్మ చీరలు ఎగ్గట్టి కాలువలో ఉన్నారు. వాళ్ల వెనుక బస్తీ ఆడవాళ్లు. ఏదో పని. ఆడవాళ్ల పనిలో తల దూర్చే అలవాటు నాకు లేదు.

మార్చి 19, మంగళవారం

పూలు అమ్ముకుని వచ్చేసరికి కాలువ పెళ్లివారిల్లులా ఉంది.

ఒక్కో రాయినీ పైకి తీసి, బూడిదా కొబ్బరి పీచూ పెట్టి తోమి, సున్నం కొట్టి, మళ్లీ నీళ్లలో వరసగా పేర్చారు. చిన్నవి ముందు, పెద్దవి వెనుక, బడిపిల్లల్లా. గట్టు పొడుగునా ముగ్గు. తాలీంఖానా వైపు షౌకత్ బీ ఊదు పొగ వేయించింది. అన్నిటికన్నా పెద్ద రాయికి మల్లెదండ. నా మల్లెలే.

డాక్టరు సీసాలు పట్టుకుని, ఇద్దరు పంచులతో అప్పుడే వచ్చాడు. వచ్చి నిలబడిపోయాడు.

నీలమ్మ పెట్టెలోని చీర కట్టుకుంది. కొంగు తల మీదికి లాక్కుని, "రాండ్రి సార్. ఒక్క రాయి గూడ ఇడిసిపెట్టలే. కింద మీద అన్ని కడిగినం" అంది.

అవతలి గట్టున పరదా వెనుక నుంచి షౌకత్ బీ అందుకుంది. "నాచు పేరుకు గూడ లేకుంట గీకినం డాక్టర్ సాబ్! చేతులు సూడుండ్రి, ఎట్లయినయో!"

ప్యాంటు మడిచి దిగాడు. ఒక రాయి తిప్పాడు. ఇంకొకటి. తెల్లటి నీళ్లు పాలలా కదిలాయి. కాలువ పొడుగునా తిప్పుకుంటూ పోయాడు, మళ్లీ తిప్పుకుంటూ వచ్చాడు. ఆయన వెనుకే నీలమ్మ గట్టు మీద నడుస్తోంది, ఆయన తిప్పిన రాళ్లను మళ్లీ వరసలో పెడుతూ.

చివరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎవరు చెప్పిండ్రమ్మా గిట్ల చెయ్యమని?"

"ఒకరు చెప్పాల్నా సార్? రాళ్లు చూడనీకె పెద్దమనిషి వస్తుండంటె మురికి రాళ్లు చూపెడ్తమా?"

డాక్టరు నా వైపు చూశాడు. నేను మల్లెదండ వైపు చూశాను. దండ బాగా కట్టింది.

ఆయన మెల్లగా చెప్పాడు. తాను వచ్చింది రాళ్ల కోసం కాదని, రాళ్ల కింద బతికే పురుగుల కోసమని. అవి ఉంటేనే నీళ్లు మంచివని రాయగలనని. సున్నం తగిలితే అవి ఉండవని. నీలమ్మ ముఖం నుంచి నవ్వు ఒక్కసారిగా పోలేదు. మొదట కళ్లలోంచి పోయింది. పెదవుల మీద మాత్రం, అతిథి ముందు కదా, కొంచెంసేపు ఉండిపోయింది.

"తప్పు మీది గాదమ్మా" అన్నాడు డాక్టరు. "గని అబద్ధం రాయలేను. ఇయ్యాల దొరకలేదనే రాస్త. వానలు మొదలైనంక ఇంకోపారి చూడనీకె గడువు అడుగుత. అప్పటికి గూడ దొరకకుంటె నా చేతుల ఏం లేదు."

ఆయన వెళ్లాక నీలమ్మ రాయి మీది దండ తనే తీసేసింది.

మార్చి 20

నేను సున్నం మాత్రమే తెచ్చాను. అది ఇంటి గోడకు.

మార్చి 23, శనివారం

నీలమ్మ మన కాలువ నీళ్లు ముట్టడం లేదు. సడక్ మీది నల్లా దాకా పోయి బిందె మోసుకొస్తోంది. ఎందుకే అంటే, "ఆ నీళ్లను నేనే చంపిన. మల్ల నేనే తాగాల్నా?" అంది.

బస్తీలో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అందరూ కలిసి కడిగిన రాళ్లే కదా. ఎవరైనా నాలుగు మాటలంటే ఆమె ఐదు మాటలని తేలికపడేది.

నవ్వించాలని చూశాను. మొహియుద్దీన్ గడ్డానికి కూడా సున్నం కొట్టారా, ఇంత తెల్లగా ఉందేమిటి అన్నాను. నవ్వలేదు. ఊళ్లో తమ్ముడి అరుగు గురించి చెప్పాను, ఎంత వెడల్పో, ఎంత చల్లగా ఉంటుందో. "ఆ అరుగు మీద మీ మరదలు వడ్లు ఎండవోస్తది. మనల్ని గూడ ఎండవోస్తదా?" అంది. ఇది ఆమె వేసిన హాస్యమే అయినా ఆమె నవ్వలేదు. కాబట్టి లెక్కలోకి రాదు.

మార్చి 30

కాలువ దగ్గరికి వెళ్లి కొన్ని రాళ్లు తిప్పాను. పురుగుల కోసం కాదు. మోకాళ్లకు వంగడం మంచిదని ఎవరో చెప్పారు. ఏమీ లేవు.

ఏప్రిల్ 1

మోకాళ్ల కోసం మళ్లీ వెళ్లాను. ఏమీ లేవు.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఈ రోజు చాలా జరిగింది. కుదురుగా రాయాలి.

పొద్దున్నే మొహియుద్దీన్ ఊరగాయ జాడీ చంకలో పెట్టుకుని దొంగలా వచ్చాడు. ఆయన దొంగలా నడిస్తే వీధి మొత్తం తలుపులు తీసి చూస్తుంది.

"భాయ్, దొరికిండ్రు! ఊట మూతి ఉంది సూడు, బండ కింద? గా సందుల భుజం దాక చెయ్యి పెట్టిన. మన బేగంల పీచు అక్కడికి అందలే. రాత్రే పట్టి పెట్టిన. మస్తుగున్నరు లోపట!"

అరుగు మీద జాడీ పెట్టుకుని, ఇద్దరం ఆయన కళ్లద్దాలనే మార్చి మార్చి పెట్టుకుంటూ తోకలు లెక్కపెట్టాం. ఎక్కువ మూడు తోకలవే. పొట్ట పక్కన ఆకులు ఊగుతున్నాయి. "వీళ్లు ముసాఫిర్లు, పక్కకు పెట్టు" అన్నాడాయన. రెండు తోకలవి రెండే. ఒకటి కదలడం లేదు. రెండోది అడుగున కాళ్లు బిగించి దండీలు తీస్తోంది.

"సూడు, సూడు! వీళ్లను తీస్కపోయి మనమే రాళ్ల కింద పెడ్దం. డాక్టర్ సాబ్ వస్తడు, రాయి తిప్పుతడు, సలాం కొడ్తరు. కథ ఖతం!"

"వీళ్లు సలాం కొట్టే లోపట సున్నం మింగి ఖతమైతరు ఉస్తాద్."

"అయితె వానలదాక జాడీలనే పెంచుదం. రోజుకు గిన్ని దండీలు తీస్తె రుస్తుం అయితడు!"

ఇద్దరం నవ్వుతున్నాం. వెనుక నీలమ్మ ఉందని చూసుకోలేదు. ఆమె వంగి జాడీలోకి చూసింది. నేను కళ్లు మూసుకున్నాను, జాడీ ఇప్పుడు వీధిలో పడుతుందని.

"గది ఆట గాదయ్యా" అంది మెల్లగా. "దానికి ఊపిరి ఆడుతలేదు. మా అమ్మకు ఆయాసం వచ్చినప్పుడు గిట్లనే భుజాలు ఎగరేసేది."

మేమిద్దరం నవ్వు ఆపాం. డాక్టరు చెప్పిన మాటే. మేం విన్నదే. విని, రాత్రంతా జాడీలో పెట్టి, తమాషా చూస్తున్నాం.

నీలమ్మ జాడీ ఎత్తుకుని గుట్ట వైపు నడిచింది. ఊట మూతి దగ్గర మోకాలిలోతు నీళ్లలోకి దిగి, జాడీని పారే నీళ్లలో పక్కకు వంచి పట్టుకుంది. ముసాఫిర్లు ముందు పోయారు. మన పహిల్వాను జాడీ అంచున కాసేపు ఆగాడు. తర్వాత రాయి కిందికి జారిపోయాడు. అది పోయాక కూడా ఆమె అలాగే వంగి ఉంది.

"గిది ఉంటెనే నీళ్లు మంచియని డాక్టర్ సార్ నీకు ముందుగాల్నే చెప్పిండా?"

"చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"పురుగంటె కుండ ఒంపేస్తవని."

నీళ్లలో నిలబడి ఆలోచించింది. "ఒంపేస్తుంటి. నిజమే. గని తర్వాత అడుగుతుంటి గద, గీ పురుగేందని? అడిగేదాక ఆగకపోతివి."

నేను సున్నం సంగతి ఎత్తలేదు.

అప్పుడామె దోసిలి పట్టి, ఊట నీళ్లు అక్కడికక్కడే తాగింది. వడకట్టకుండా.

ఏప్రిల్ 16, మంగళవారం

డాక్టరు సైకిల్ మీద వచ్చాడు. పని మీద కాదట, దారిలో ఉందని ఆగాడట. ఛత్రినాక ఏ దారిలో ఉంటుందో నాకు తెలియదు గానీ, అడగలేదు. పాదులు తొక్కకుండా నడిచాడు.

జాడీ కథ మొహియుద్దీనే చెప్పేశాడు. దాచడం ఆయనకు రాదు. డాక్టరు కోప్పడలేదు.

"మోసుకొచ్చి పెట్టొద్దు ఉస్తాద్. పెడితె నేను సీస పట్టలేను, అది దొంగ సాక్ష్యం. పైన బతికి ఉన్నయంటె నీళ్లతోని వాటంతట అవే కొట్టుకొస్తయి. గని వచ్చి ఉండాలంటె ఇల్లు ఉండాలె గద? గీ సున్నం రాళ్లు తీసెయ్యుండ్రి. గరుకు రాళ్లు ఎయ్యుండ్రి, సందులుండాలె, నీళ్లు దూకాలె. నాచు పెరగనియ్యుండ్రి. తర్వాత ఎవరు ముట్టొద్దు."

"ఎవరు ముట్టొద్దు" అని నీలమ్మ మెల్లగా, తనకు తనే చెప్పుకున్నట్టు అంది. ఆ మాట ఎలాగో ఆమె తలను నిటారు చేసింది.

ఏప్రిల్ 21, ఆదివారం

తాలీంఖానాలో ఈ రోజు కుస్తీ లేదు. పహిల్వానులంతా గుట్ట మీది నుంచి రాళ్లు మోశారు. మొహియుద్దీన్ ఒక బండ భుజాన వేసుకుని వచ్చి, దించాక నడుం పట్టుకుని, ఏమీ కానట్టు నవ్వాడు. సున్నం రాళ్లు నా తోట చుట్టూ గోడయ్యాయి. ఎవరైనా అడిగితే అందం కోసమని చెబుతున్నాను.

మే 9, గురువారం

ఎండ పేల్చేస్తోంది. కాలువ సన్నబడింది కానీ ఆగలేదు. నీలమ్మ గట్టు మీద గోనెసంచి పందిరి వేసుకుని కర్ర పట్టుకుని కూర్చుంటోంది. జన్మలో మొదటిసారి మురికికి కాపలా కాస్తోంది. రాళ్ల మీద నాచు పచ్చగా కనబడగానే ఆమె చెయ్యి పీచు కోసం వెతుకుతుంది. నేను చూశాను. వెతికి, కర్ర దొరికితే దాన్నే గట్టిగా పట్టుకుంటుంది.

ఈ రోజు బస్తీలోని రాజమణి బట్టలు, సబ్బు పట్టుకుని వచ్చింది. మా నీలమ్మ లేచి, "జర అటు పో రాజమణీ. ఇక్కడ మేం మురికి పెంచుతున్నం" అంది.

రాజమణి తెల్లబోయి నిలబడింది. పరదా వెనుక షౌకత్ బీ ముందు నవ్వింది. తర్వాత నీలమ్మ. కర్ర కింద పడేసి, కొంగు నోట్లో పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

దీన్ని లెక్కలోకి తీసుకుంటున్నాను.

మే 13

మోకాళ్ల కోసం వెళ్లాను. మూడు తోకలవి కనబడ్డాయి. రెండు తోకలవి లేవు.

మే 23, గురువారం

ఊట మూతి దగ్గర, నీళ్లకు పైన, బండకు అతుక్కుని ఒక పహిల్వాను కనబడ్డాడు. ఎండిపోయి, కదలకుండా. వీపు నిలువునా చీలింది. తోకలు రెండు. నేను లెక్కపెట్టి, నీలమ్మకు చెప్పకూడదనుకున్నాను. ఇంతలో పాత పాఠం గుర్తొచ్చి చెప్పాను.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుంది. ఏమీ బరువు లేదు. మొహియుద్దీన్ టోపీ తీసి, "దండీలు ఎక్కువైనయి. గుండె పగిలింది" అన్నాడు.

మే 28, మంగళవారం

డాక్టరు మళ్లీ దారిలో ఆగాడు. నీలమ్మ అగ్గిపెట్టెలో దాచిన పహిల్వానును చూపించింది. ఆయన ఎండకు ఎత్తిపట్టి చూసి, నవ్వాడు.

"చావలేదమ్మా. అంగీ ఇడిసింది. చూడు, లోపట ఖాళీ. నీళ్లల్ల ఉండే వయసు అయిపోయింది. బయటికొచ్చి, వీపు చీల్చుకొని, రెక్కలతోని ఎగిరిపోయింది. మల్ల నీళ్ల మీదికే వస్తది, గుడ్లు పెట్టనీకె."

"ఎగిరిందా?" అంది నీలమ్మ. "నేను జాడీలకెల్లి ఇడిసిపెట్టిందే అంటరా?"

"చెప్పలేను."

"గదే" అంది ఆమె. ఆయన ఇంకా ఏదో అనబోయి మానేశాడు. మంచివాడు.

జూన్ 10, సోమవారం

మొదటి వాన. గుట్ట మీది ఎర్రమట్టి అంతా కాలువలో ఉంది. పేర్చిన రాళ్లు దొర్లిపోయాయి. నీలమ్మ వానలో ఒక రాయిని రెండు చేతులా ఒత్తి పట్టుకుని కూర్చుంది. ఇంట్లోకి రావే అంటే, "దీని కింద ఎవరన్న ఉన్నరేమో" అంది. గొంగడి కప్పి పక్కన కూర్చున్నాను. మోకాళ్లకు తడి మంచిది కాదు. అయినా.

జూన్ 11

నీళ్లింకా ఎర్రగానే ఉన్నాయి.

జూన్ 14, శుక్రవారం

నీళ్లు తేరుకున్నాయి. రాళ్లు కొన్ని తమంతట తామే మంచిచోట చేరాయి, మేం పేర్చినదానికన్నా బాగా. నీలమ్మ తిప్పి చూడొద్దంది. "ఊకె తలుపు తీసి చూస్తె ఇంట్ల ఎవరుంటరు?" అంది. సరే, తిప్పలేదు.

జూన్ 19, బుధవారం

డాక్టరు కబురు పంపాడు. వచ్చే మంగళవారం, సీసాలతో, పంచులతో. ఇదే ఆఖరిసారి. బోనాలు దగ్గరికొస్తున్నాయి. బస్తీ అంతా గోడలకు సున్నాలు, ఎర్ర జాజు తడుపుతోంది. కాలువ మీదికి ఒక్క చుక్క రాకుండా షౌకత్ బీ అవతలి గట్టు, నీలమ్మ ఇవతలి గట్టు పంచుకున్నారు. నన్ను సున్నం ముట్టనివ్వడం లేదు. ఎందుకో మరి.

జూన్ 24, సోమవారం

తమ్ముడికి కార్డు రాశాను, రావలసి రావచ్చని. డబ్బాలో వేయలేదు. జేబులో ఉంది.

జూన్ 25, మంగళవారం

డాక్టరు వచ్చాడు. అందరూ కాలువ దగ్గర ఉన్నారు. నేను వెళ్లలేదు. మోకాళ్లు.

నిజానికి మోకాళ్లు ఈ మధ్య బాగానే ఉన్నాయి. ఇన్నిసార్లు వంగాక బాగుపడక ఏం చేస్తాయి? కానీ ఇక్కడ కూర్చుంటే కూడా అన్నీ వినబడుతున్నాయి. పొద్దున నీలమ్మ పెట్టెలోని చీర తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టేసింది. నాచు మరకల చీరతోనే వెళ్లింది. పెద్ద రాయికి దండ వేయలేదు. దండ కట్టి మాత్రం ఉంచింది, అరటాకులో, గూట్లో. ఎవరి కోసమే అంటే చెప్పలేదు.

రాయి తిప్పిన చప్పుడు. మళ్లీ పెట్టిన చప్పుడు. ఆయన జాగ్రత్తగానే పెడుతున్నాడు.

ఇంకో రాయి.

తమ్ముడి అరుగు గురించి చాలా రాశాను ఇందులో. వెడల్పు నిజమే. కానీ దాని మీద మల్లె పెరగదు. అవతలి గట్టు నుంచి దూకి వచ్చేవాళ్లెవరూ ఉండరు. కూర్చుంటే కూర్చున్నట్టే ఉండాలి. నిలిచిన నీళ్లలో పడ్డట్టు.

ఇంకో రాయి. పంచుల్లో ఒకాయన దగ్గుతున్నాడు. ఇక చాలు పోదామన్న దగ్గు.

మొహియుద్దీన్ గొంతు వినబడటం లేదు. పాతికేళ్లుగా పక్కనే ఉంటున్నాను. ఆయన ఇంతసేపు మాట్లాడకుండా ఉండటం ఇదే మొదటిసారి. పాపం, ఆయన తాలీంకూ ఈ నీళ్లే కదా. ఆ మట్టి తడవకపోతే రాయైపోతుంది. ఆయన దాని గురించి ఒక్కసారి కూడా అనలేదు, నా మల్లెల గురించే అంటూ వచ్చాడు. ఇది ఇప్పుడే తోచింది.

సున్నం ఇంటి గోడకు కాదని నాకు అప్పుడే కొంచెం తెలుసు. మా ఇంటిది మట్టి గోడ, దానికి ఎప్పుడూ ఎర్రమట్టే పూస్తాం. సరే, ఆ సంగతి తర్వాత

తెల్ల పళ్లెం రాతి మీద పెట్టిన చప్పుడు. ఏదో దొరికితేనే పళ్లెం పెడతాడు. మూడు తోకలవి కూడా కావచ్చు. ముసాఫిర్లు చాలామంది ఉన్నారు. ఆశ పెట్టుకోవడం లేదు. ఊరికే రాస్తున్నాను. ఎవరూ ఏమీ అనడం లేదెందుకు?

అదిగో నీలమ్మ.

"ఏమయ్యో! నీ మోకాళ్లు తర్వాత చూస్కుందువు గని, బిరాన రా! సార్ తోకలు లెక్కపెట్టనీకె నిన్నే పిలుస్తుండు!"

ఎన్నున్నాయే అని ఇక్కడి నుంచే అరిచాను. చెప్పడం లేదు. నవ్వుతోంది. ఇంతలో మొహియుద్దీన్ గొంతు లేచింది, తాలీంలో కుర్రాళ్లకు చెప్పినట్టు, బస్తీ అంతా వినబడేలా, "ఏక్! దో! తీన్! అరె షాబాష్ బేటా, చార్!" అని దండీలు లెక్క

వస్తున్నానే, వస్తున్నా, గూట్లోంచి ఆ దండ తీసుకుని, ఈ ఒక్క మాట రాసి